అరకు కాఫీ: కొండవాలు నుంచి ఢిల్లీ కప్పు దాకా.. చరిత్ర, సాగు, కెఫీన్ ప్రభావాలు

న్యూఢిల్లీ: అరకు కాఫీకి దేశ రాజధానిలో ఇటీవల దక్కిన గుర్తింపు సామాన్యమైనది కాదు. 2023 సెప్టెంబరులో జీ-20 శిఖరాగ్ర సదస్సుకు వచ్చిన దేశాధినేతలకు భారత్ అందజేసిన కానుకలలో ఈ కాఫీ కూడా ఉంది. 2024 జూన్ 30న ప్రసారమైన ‘మన్ కీ బాత్’ కార్యక్రమంలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ దీనిని ప్రత్యేకంగా ప్రస్తావించారు. 2025 మార్చిలో పార్లమెంటు ప్రాంగణంలోనే అరకు కాఫీ స్టాళ్లు ప్రారంభమయ్యాయి.

అదే ఏడాది వానకాలంలో అల్లూరి సీతారామరాజు జిల్లా అరకులోయ మండలం నుంచి మరో వార్త వెలువడింది. బెర్రీ బోరర్ అని పిలిచే కాయతొలుచు పురుగు అక్కడి తోటలలో కనిపించింది. దక్షిణాది కాఫీ ప్రాంతాలను మూడు దశాబ్దాలకు పైగా వేధిస్తున్నా, అరకు తోటల జోలికి అంతవరకు రాని పురుగు ఇది. సోకిన తోటలలో కాయలను దూసి నాశనం చేసే పనిని అధికారులు చేపట్టారు. అంతర్జాతీయ విపణిలో కాఫీ ధర రికార్డులు సృష్టించిన సంవత్సరంలోనే ఈ ముప్పు రావడంతో గిరిజన రైతుల ఆందోళన రెట్టింపయింది.

ఆవగింజంత ఉండే ఈ పురుగుకూ, ఉదయాన్నే మనిషిని నిద్రమత్తు నుంచి లేపే కెఫీన్‌కూ దగ్గరి సంబంధం ఉంది. కెఫీన్ అసలు ఎవరి కోసం పుట్టిందన్న ప్రశ్నతో ఆ సంబంధం మొదలవుతుంది.

మొక్క తయారుచేసుకున్న మందు

కెఫీన్ ఒక ఆల్కలాయిడ్. చేదుగా ఉండే ఈ పదార్థాన్ని కాఫీ మొక్క తన లేత ఆకులలోనూ, గింజలలోనూ నింపుకొంటుంది. ఆకును కొరికే, గింజను తొలిచే కీటకాలకు ఇది విషం. రాలిన ఆకుల ద్వారా నేలలోకి చేరి, చుట్టుపక్కల ఇతర విత్తనాలు మొలకెత్తకుండానూ అడ్డుకోగలదు. కాఫీ, తేయాకు మొక్కలు పరిణామక్రమంలో ఈ రసాయనాన్ని వేర్వేరుగా సంతరించుకున్నాయని 2014లో వెలువడిన కాఫీ జన్యుపటం తేల్చింది. మనిషి దీనిని తొలిసారి విడదీసి చూసింది 1819లో. జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రీడ్లీబ్ ఫెర్డినాండ్ రుంగేకు కాఫీ గింజలు ఇచ్చి, వాటిని పరీక్షించమని ప్రోత్సహించినవాడు మహాకవి గేథే.

వాణిజ్యంలో ప్రధానంగా రెండే కాఫీలున్నాయి. అరబికా చల్లని ఎత్తైన కొండలను కోరుతుంది. దాని గింజలో కెఫీన్ సుమారు 1.2 శాతం. రోబస్టా పల్లపు వేడిని తట్టుకుంటుంది. అందులో కెఫీన్ దాదాపు రెట్టింపు, 2.2 శాతం వరకు ఉంటుంది. తెగుళ్లను రోబస్టా మెరుగ్గా ఎదుర్కోవడానికి ఈ తేడా కూడా ఒక కారణం. అరకులో పండేది ప్రధానంగా అరబికా. రుచిలో మేలైనది, రక్షణలో బలహీనమైనది అన్నమాట.

అయితే కాయతొలుచు పురుగు దగ్గర ఈ ఆయుధమే పారదు. దాని పేగులలో నివసించే బ్యాక్టీరియా కెఫీన్‌ను విచ్ఛిన్నం చేసి పురుగును కాపాడుతోందని 2015లో ‘నేచర్ కమ్యూనికేషన్స్’ పత్రికలో ప్రచురితమైన పరిశోధన వెల్లడించింది. పేగులలోని సూక్ష్మజీవులను తొలగించినప్పుడు పురుగు కెఫీన్‌ను హరించుకోలేకపోయింది. ఆడ పురుగు కాయ బొడ్డు వద్ద సన్నని రంధ్రం చేసుకొని లోపలికి చేరి, గింజలోనే గుడ్లు పెడుతుంది. మగ పురుగులు ఎగరలేవు; పుట్టిన కాయలోనే బతికి అక్కడే చనిపోతాయి. జీవితంలో అధికభాగం గింజ లోపలే గడిచిపోతుంది గనుక పైన చల్లే మందు దానిని చేరడం కష్టం. ఆఫ్రికాలో పుట్టిన ఈ పురుగు భారత్‌లో మొదట 1990లో నీలగిరి జిల్లా గూడలూరు ప్రాంతంలో బయటపడింది.

మనిషి శరీరంలో

కీటకానికి విషమైన పదార్థమే తక్కువ మోతాదులో మనిషికి ఉత్సాహం కలిగిస్తుంది. నిజానికి కెఫీన్ కొత్త శక్తిని ఇవ్వదు. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది తన గ్రాహకాలకు అతుక్కున్న కొద్దీ నిద్రమత్తు కమ్ముతుంది. నిర్మాణంలో అడెనోసిన్‌ను పోలిన కెఫీన్ ఆ చోటును ముందుగా ఆక్రమించుకుంటుంది. అలసట తగ్గదు, అలసట కబురు మాత్రం చేరదు. కెఫీన్ తొలగిన తరువాత అంతవరకు పోగైన అడెనోసిన్ ఒక్కసారిగా పనిచేయడంతో నీరసం ముంచుకొస్తుంది.

తాగిన ముప్పావు గంటలో కెఫీన్ దాదాపు పూర్తిగా రక్తంలో కలుస్తుంది. అందులో సగం తొలగడానికి సగటున 5 గంటలు పడుతుంది. పొగతాగేవారిలో ఈ వ్యవధి తక్కువ. గర్భిణులలో, ముఖ్యంగా చివరి నెలలలో, 15 గంటల వరకు సాగవచ్చు. పడుకోవడానికి 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గిందని 2013లో అమెరికాలో జరిగిన అధ్యయనం నమోదు చేసింది. సాయంత్రం ఆరింటి కాఫీ అర్ధరాత్రి దాకా ఒంట్లోనే ఉంటుందని దీని అర్థం.

ఎంత తాగవచ్చు? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ మించరాదు. 150 మిల్లీలీటర్ల కాచిన కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటాయని ఆ సంస్థ లెక్క. ఐరోపా ఆహార భద్రతా సంస్థ ఆరోగ్యవంతులైన పెద్దలకు 400, గర్భిణులకు 200 మిల్లీగ్రాముల పరిమితి విధించింది.

తెలుగు ఇళ్లలో ఈ లెక్కకు చికోరీ అడ్డు తగులుతుంది. ఫిల్టర్ కాఫీ పొడిలో కలిపే చికోరీ ఒక మొక్క వేరు; అందులో కెఫీన్ ఉండదు. చట్టం ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి. అంటే చిక్కగా, నల్లగా దిగిన డికాషన్‌లో సగానికి దగ్గరగా కాఫీయే కాకపోవచ్చు. రంగును చూసి ఘాటును అంచనా వేసేవారు పొట్లం మీది శాతాన్ని చదవడం మేలు.

జాతీయ పోషకాహార సంస్థ చేసిన మరో సూచన కెఫీన్ కన్నా ముఖ్యమైనదని చెప్పవచ్చు. భోజనానికి గంట ముందు, గంట తరువాత కాఫీ, టీలు తాగవద్దని ఆ సంస్థ కోరుతోంది. వీటిలోని టానిన్లు ఆహారంలోని ఇనుమును పట్టుకొని శరీరానికి అందకుండా చేస్తాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల భారతీయ మహిళలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. టిఫిన్ ముగియగానే కాఫీ గ్లాసు అందుకునే అలవాటును ఈ అంకె పక్కన పెట్టి చూడాలి.

ఇతర ప్రభావాల విషయంలో పాత భయాలు కొన్ని సడలాయి. కాఫీని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చడానికి తగిన ఆధారం లేదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ప్రకటించింది; అయితే ఏ పానీయమైనా 65 డిగ్రీల సెల్సియస్ మించిన వేడితో తాగడం అన్నవాహికకు హాని చేసే అవకాశం ఉందని అదే ప్రకటనలో హెచ్చరించింది. కాఫీ నూనెలలోని కెఫెస్టాల్ అనే పదార్థం చెడు కొలెస్టరాల్‌ను పెంచుతుంది. కాగితపు ఫిల్టరు దానిని చాలావరకు ఆపుతుంది. లోహపు ఫిల్టరుకు అంతటి వడపోత శక్తి లేదు. ఇక కాఫీ మానేసిన 12 నుంచి 24 గంటలలో మొదలయ్యే తలనొప్పి, చిరాకు అలవాటు లోతును తెలుపుతాయి. ఇవి సాధారణంగా కొద్ది రోజులలో తగ్గిపోతాయి.

యెమెన్ నుంచి పాములేరు దాకా

అరబికా అడవి మొక్కగా ఇథియోపియాలో పుట్టింది. పానీయంగా దానికి తొలి చారిత్రక ఆధారాలు 15వ శతాబ్దపు యెమెన్‌లో, రాత్రి జాగరణలు చేసే సూఫీల దగ్గర లభిస్తున్నాయి. 1511లో మక్కాలో దీనిని నిషేధించారు. నిషేధం నిలవలేదు, కాఫీ నిలిచింది. మోఖా రేవు నుంచి ఇస్తాంబుల్‌కు, అక్కడి నుంచి ఐరోపాకు చేరింది. 1652లో లండన్‌లో తొలి కాఫీ ఇల్లు వెలిసింది. అరబ్బుల ‘కహ్వా’ తుర్కులకు ‘కహ్వే’, డచ్చివారికి ‘కోఫీ’ అయి, ఆంగ్లం మీదుగా తెలుగులో ‘కాఫీ’గా స్థిరపడింది. అదే కహ్వా శబ్దం నేటి ఢిల్లీలో కుంకుమపువ్వు వేసిన కశ్మీరీ టీకి పేరు. కాఫీని పేరులోంచి వెళ్లగొట్టి టీ వచ్చి కూర్చున్న అరుదైన సందర్భం ఇది.

17వ శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ యాత్రికుడు యెమెన్ నుంచి ఏడు గింజలు తెచ్చి కర్ణాటకలోని చంద్రగిరి కొండలలో నాటాడన్నది ప్రసిద్ధ ఐతిహ్యం. ఆ కొండలకు ఇప్పుడు ఆయన పేరే ఉంది. పెద్ద తోటలు మాత్రం బ్రిటిష్ వారి కాలంలోనే వచ్చాయి. పొరుగున సింహళంలో 1869లో కనిపించిన ఆకు తుప్పు తెగులు అక్కడి కాఫీని తుడిచిపెట్టి, ఆ దీవిని తేయాకు వైపు మళ్లించింది. ఒక్క తెగులు ఒక దేశపు పంటనే మార్చివేయగలదనడానికి కాఫీ చరిత్రలో ఇంతకన్నా పెద్ద దృష్టాంతం లేదు. తుప్పును తట్టుకునే రకాల కోసం కర్ణాటకలోని బాలెహొన్నూరులో 1925లో పరిశోధన కేంద్రం ఏర్పడింది. అక్కడ రూపొందిన ఎస్.795 రకం నేటికీ విస్తృతంగా సాగులో ఉంది.

ఆంధ్ర ప్రాంతానికి కాఫీని 1898లో బ్రోడీ అనే బ్రిటిష్ అధికారి తూర్పు గోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో పరిచయం చేశాడు. 1920లలో అది అనంతగిరి, అరకు, చింతపల్లి వైపు వ్యాపించింది. అయినా చాలాకాలం అది పంటగా నిలదొక్కుకోలేదు. 1960లలో అటవీశాఖ రిజర్వు అడవులలో కాఫీ నాటింది; ఆ తోటలు 1985లో అటవీ అభివృద్ధి సంస్థకు బదిలీ అయ్యాయి. గిరిజనుల సొంత భూములలోకి కాఫీ విస్తరించింది మాత్రం పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, కాఫీ బోర్డుల కృషితోనే. అడవిని నరికి కాల్చే పోడు సాగుకు ప్రత్యామ్నాయంగా, నీడ చెట్ల కింద కాఫీ, ఆ చెట్లకు పాకించిన మిరియాలు ఏజెన్సీ కుటుంబాలకు నగదు పంటలయ్యాయి.

ఢిల్లీ కాఫీ ఇళ్లు

ఢిల్లీ కాఫీ కేఫ్‌లతో మొదలైందని అనుకుంటే పొరపాటు. జహంగీర్ కాలంలో సర్ థామస్ రో వెంట వచ్చిన మతగురువు ఎడ్వర్డ్ టెర్రీ, మద్యం ముట్టని వారు ఇక్కడ కాఫీ తాగడం చూసి రాసిపెట్టాడు. నిజాం ఆసఫ్ జా వెంట దక్కన్ నుంచి వచ్చి 1738–41 మధ్య ఢిల్లీలో గడిపిన దర్గా కులీ ఖాన్, చాందినీ చౌక్‌లోని కహ్వాఖానాలలో కవులు సమావేశమయ్యేవారని తన పారశీక గ్రంథం ‘మురక్కా-ఎ-దెహ్లీ’లో వర్ణించాడు. ఉత్తరాదిలో టీ ఇంటింటికీ చేరడానికి చాలాముందటి మాట ఇది.

ఆధునిక అధ్యాయం అమ్ముడుపోని పంటతో మొదలైంది. 1930ల మాంద్యంలో ధరలు పడిపోవడంతో, దేశంలోనే వినియోగం పెంచేందుకు కాఫీ సెస్ కమిటీ 1936లో బొంబాయిలో తొలి ఇండియా కాఫీ హౌస్‌ను తెరిచింది. 1950ల మధ్యలో కాఫీ బోర్డు వీటిని మూసివేయ సంకల్పించినప్పుడు, ఉద్యోగం కోల్పోతున్న కార్మికులను కమ్యూనిస్టు నేత ఎ.కె. గోపాలన్ సహకార సంఘాలుగా కూడగట్టారు. 1957 ఆగస్టు 19న బెంగళూరులో తొలి సంఘం ఏర్పడింది. అదే ఏడాది అక్టోబరు 27న ఢిల్లీలో తొలి ఇండియన్ కాఫీ హౌస్ తలుపులు తెరిచింది. కన్నాట్ ప్లేస్‌లోని ఆ కాఫీ హౌస్ రచయితలకు, విలేకరులకు, రాజకీయులకు నెలవయింది. అత్యవసర పరిస్థితి కాలంలో దానిని కూల్చివేశారు. బాబా ఖడక్ సింగ్ మార్గ్‌లోని మోహన్ సింగ్ ప్లేస్ భవనం పైఅంతస్తుకు మారి, అక్కడే కొనసాగుతూ వచ్చింది. 2000 సంవత్సరం తరువాత గొలుసు కేఫ్‌లు, 2010 దశకంలో తోట పేరు చెప్పి గింజలు వేయించి అమ్మే సంస్థలు ఢిల్లీ, గురుగ్రామ్‌లలో పెరిగాయి. ఇప్పుడు అరకు పేరు ఇక్కడ పొట్లం మీద కనిపించడానికి ఈ మూడో తరం దుకాణాలు కొంత కారణం.

ఒక కప్పు వెనుక

వేసవి ఆరంభంలో కురిసే పూత వానకు కాఫీ చెట్లు మల్లెలను తలపించే తెల్లని పూలతో నిండిపోతాయి. ఆ వాన తప్పితే ఆ ఏటి దిగుబడే తప్పుతుంది. కాయలు ఎనిమిది, తొమ్మిది నెలలలో పండి, నవంబరు నుంచి కోతకు వస్తాయి. ఒకే కొమ్మపై పచ్చికాయ, దోర, ఎర్రని పండు కలిసి ఉంటాయి గనుక పండినవాటినే ఏరి కోయడానికి అదే చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు వెళ్లాలి. కప్పులోని రుచిలో పెద్దభాగం ఈ ఏరివేతలోనే తేలిపోతుంది.

కోసిన పండ్లను అదే రోజు యంత్రంలో తొక్క తీసి, జిగురు పోయేదాకా పులియబెట్టి, కడిగి ఎండబెడితే పార్చ్‌మెంట్ కాఫీ వస్తుంది. పండును అలాగే ఎండబెడితే చెర్రీ. మొదటిదానికి ధర ఎక్కువ; కానీ దానికి పల్పింగ్ యంత్రం, పుష్కలంగా నీరు, ఆరబెట్టే కళ్లం కావాలి. ఎకరా, రెండెకరాల గిరిజన రైతుకు ఇవి అందుబాటులో లేనప్పుడు చెర్రీగానే సంతలో దళారికి అమ్ముకోక తప్పదు. జీసీసీ ఏటా సీజనుకు ముందు కొనుగోలు ధర ప్రకటించడం, నాంది ఫౌండేషన్ వంటి సంస్థలు రైతుల నుంచి నేరుగా పండ్లు కొనడం ఈ పరిస్థితిని కొంతవరకు మార్చాయి. నాంది కృషితో అరకు పేరిట 2017లో పారిస్‌లో దుకాణమే తెరుచుకుంది. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు లభించింది.

ఒక కిలో శుభ్రపరచిన గింజలకు ఐదు నుంచి ఆరు కిలోల పండ్లు అవసరం. వేయించినప్పుడు గింజ బరువులో ఆరోవంతు దాకా తగ్గుతుంది. కేఫ్‌లో ఒక కప్పుకు 18 గ్రాముల పొడి వాడతారనుకుంటే, దాని వెనుక సుమారు 130 గ్రాముల పండ్లు, అంటే రెండు మూడు గుప్పెళ్ల కోత ఉంటుంది.

దేశం మొత్తంగా చూస్తే ఆంధ్రప్రదేశ్ వాటా చిన్నది. 2022–23లో కర్ణాటక ఒక్కటే సుమారు 2.48 లక్షల టన్నులు పండించింది. తరువాతి స్థానాలు కేరళ, తమిళనాడులవి. ప్రపంచంలో ఏడో పెద్ద ఉత్పత్తిదారైన భారత్ 2023–24లో 129 కోట్ల డాలర్ల కాఫీ ఎగుమతి చేసింది. అధికభాగం ఇటలీ, బెల్జియం, రష్యాలకు వెళుతోంది. స్వదేశీ వినియోగం 2012లో 84 వేల టన్నులు, 2023లో 91 వేల టన్నులు. కేఫ్‌ల హడావుడితో పోలిస్తే ఈ పెరుగుదల ఏమంత పెద్దది కాదు. తెలుగు నేల మీద తోట లేకుండానే కాఫీతో ఎదిగిన ఊరూ ఉంది. గుంటూరు జిల్లా దుగ్గిరాలలోని సీసీఎల్ ప్రొడక్ట్స్ 1990ల నుంచి ఇన్‌స్టంట్ కాఫీ తయారుచేసి, పలు దేశాలలో ఇతరుల బ్రాండ్ల పేరిట అమ్ముడయ్యేలా ఎగుమతి చేస్తోంది.

రైతుకు దక్కే ధర మాత్రం న్యూయార్క్, లండన్ విపణులలో తేలుతుంది. 1942 నాటి కాఫీ చట్టం కింద పంటనంతా బోర్డే సేకరించి వేలం వేసేది. 1990లలో ఆ విధానం రద్దయింది. ధర పెరిగితే లాభం, పడితే నష్టం రెండూ రైతువే అయ్యాయి. బ్రెజిల్ కరవు వల్ల 2024 డిసెంబరులో అరబికా ధర 1977 నాటి రికార్డును దాటి, 2025 ఫిబ్రవరిలో పౌను 4 డాలర్లు మించింది. 2000వ దశకం ఆరంభంలో ఇదే కాఫీ సాగు ఖర్చు కూడా రాని ధరలకు దిగజారింది.

తోటను ఏది పడగొడుతుందో ముందుగా తెలియదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు సిల్వర్ ఓక్ నీడ చెట్లు కూలి, కింది కాఫీ మొక్కలు నుజ్జయ్యాయి. తెల్ల కాండం తొలుచు పురుగు అరబికాకు ఎప్పటినుంచో ఉన్న బెడద. ఇప్పుడు కాయతొలుచు పురుగు వచ్చి చేరింది. దీనిని అదుపు చేసే ప్రధాన మార్గం ఖరీదైనదేమీ కాదు, ఓపికను కోరేది. కోత ముగిశాక చెట్టు మీద ఒక్క కాయ మిగలకూడదు, నేల మీద రాలినవి ఏరాలి. పురుగు పట్టిన కాయలను మరిగే నీటిలో ముంచి పూడ్చిపెట్టాలి. గింజలను తగినంతగా ఎండబెట్టి నిల్వ చేయాలి. ఆడ పురుగులను ఆకర్షించే ఎరలు, బవేరియా అనే శిలీంధ్రం ఇందుకు తోడ్పడతాయి. ఒక సంచిలో దాగిన పురుగు పక్క లోయకు చేరుతుంది గనుక సోకిన ఊరి నుంచి కాయల రవాణాపై నిఘా అవసరం.

చిక్కు ఎక్కడంటే, రాలిన కాయలు ఏరడానికి కూలి పడుతుంది కానీ వాటికి ధర రాదు. ఒక రైతు ఏరి, పక్క రైతు వదిలేస్తే ప్రయోజనం ఉండదు. తోట యజమాని పట్టించుకోని చోట, అడవి అంచున ఎవరూ కోయని పాత చెట్ల మీద మిగిలిన కాయలే మరుసటి ఏడాది పురుగుకు నిలయాలు. పాడేరు ఏజెన్సీలో ఒకదాని పక్కన ఒకటిగా ఉన్న వేలాది చిన్న కమతాలలో ఈ ఏరివేత ఒకే సమయానికి పూర్తికావాలంటే, ధర లేని ఆ కాయలకు కూడా ఎవరో ఒకరు కూలి చెల్లించాల్సి ఉంటుంది.